మీటరు చెక్క మీద చందమామ: ఒక లోలకం ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 2, ఆదివారం

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. 28న సైన్స్ దినోత్సవానికి బళ్లో ప్రదర్శన పెడుతున్నారట. పొద్దున్నే షాపుకి వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది. తెర మీద ఒక లోలకం ఊగుతోంది. పక్కన రెండు రంగుల పట్టీలు, ఒకటి స్థితిజ శక్తి (ఎత్తు వల్ల దాగే శక్తి), ఒకటి గతిజ శక్తి (కదలిక వల్ల ఉండే శక్తి). కింద భూమి, చంద్రుడు, గురుడు అని మీటలు. చంద్రుడిని నొక్కితే లోలకం నెమ్మదిస్తుంది.

"బాగుంది కదమ్మా, ఇదే చూపించు" అన్నాను.

"ఇది ఎవరో రాసిపెట్టిన లెక్క మామయ్యా. వాళ్లు ఎలా ఊగమంటే అలా ఊగుతుంది. నేను చేత్తో వదిలితే అలా ఊగాలి" అంది.

ఆ మాట విన్నాక ఇంకేం చెప్పను? నాది తెనాలిలో మోటారు వైండింగ్ షాపు. బియస్సీ ఫిజిక్స్ చదివి ఇరవై ఏళ్లు దాటింది. సరే చేద్దాం అన్నాను, ఎలాగో తెలియకుండానే.

పిల్లదాని ఆలోచన ఒకటుంది. గురుత్వం ఎక్కువంటే బరువు ఎక్కువ. కాబట్టి లోలకం చివరి గుండు బరువు పెంచితే గురుడు, తగ్గిస్తే చంద్రుడు. కాదని నోటితో చెప్పడం ఇష్టం లేక దూలానికి 60 సెంటీమీటర్ల పురికొస కట్టాను. ముందు అరకిలో రాయి, తర్వాత కిలో రాయి. పోయి రావడం ఒక ఊపు. అలా ఇరవై ఊపులు లెక్కపెట్టింది. రెండుసార్లూ 31 సెకన్లే. మూడోసారి కూడా లెక్కపెట్టి నా వైపు చూసింది.

రాయి బరువు రెండింతలైతే భూమి లాగే బలం రెండింతలవుతుంది, నిజమే. కానీ దాన్ని కదిలించడానికి కావలసిన బలం కూడా రెండింతలవుతుంది. రెండూ చెల్లు. శక్తి మాత్రం రెండింతలు ఉంటుంది, ఊపుకి పట్టే కాలం మారదు. మార్చాల్సింది గుండుని కాదు, గురుత్వాన్నే. తెనాలిలో ఉండి దాన్ని మార్చడం ఎలా?

ఫిబ్రవరి 5

రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తుంటే డిగ్రీలో చదివిన మాక్ లోలకం గుర్తొచ్చింది. విమానాల వేగాన్ని మాక్‌లలో చెబుతారే, ఆ ఎర్నస్ట్ మాక్ పేరే. ఆ లోలకానికి దారం ఉండదు, గట్టి కడ్డీ ఉంటుంది. అది ఊగే ఇరుసుని వాల్చవచ్చు. ఇరుసు వాలితే లోలకం ఊగే తలం కూడా వాలుతుంది.

అందులో కిటుకు ఇది. గోడకి ఆనించిన నిచ్చెనలా ఒక చెక్క ఉందనుకోండి. రాయి ఆ చెక్కకి సమాంతరంగా మాత్రమే ఊగగలదు. భూమి లాగే లాగుడులో కొంత రాయిని చెక్క వైపు నొక్కుతుంది. ఆ భాగాన్ని బేరింగు భరిస్తుంది, ఊపుతో దానికి సంబంధం లేదు. చెక్క వెంబడి కిందికి లాగే భాగం ఒక్కటే లోలకానికి "గురుత్వం". చెక్కని పడుకోబెట్టే కొద్దీ ఆ భాగం తగ్గుతుంది.

ఎంత తగ్గుతుంది? కాగితం మీద త్రిభుజం గీసి చూస్తే ఒళ్లు పులకరించింది. చెక్క పొడవు సరిగ్గా 100 సెంటీమీటర్లైతే, పై కొన ఎన్ని సెంటీమీటర్ల ఎత్తులో ఉందో భూమి గురుత్వంలో అంత శాతం మిగులుతుంది. కోణమానిని అక్కర్లేదు, సైను కోసైను పట్టికలు అక్కర్లేదు. టేపు చాలు. గురుత్వ త్వరణం, అంటే పడే వస్తువు వేగం ఒక్కో సెకనుకి పెరిగే లెక్క, మన దగ్గర 9.78 మీటర్లు. చంద్రుడి మీద 1.62, అంటే 16.6 శాతం. మీటరు చెక్క కొనని 16.6 సెంటీమీటర్లు లేపితే చందమామ! అంగారకుడు 3.71, కాబట్టి 37.9 సెంటీమీటర్లు. శుక్రుడు 8.87, అంటే 90.7. నిటారుగా నిలబెడితే మన భూమి.

గురుడు మాత్రం దీంతో రాడు. అక్కడ 24.8 ఉంటుంది, చెక్క వంచితే గురుత్వం తగ్గుతుందే గాని పెరగదు. ఆ సంగతి సాయంత్రం దానికి చెప్పాను. కాసేపు బాధపడి, "పోనీ మామయ్యా, మనవాళ్లు దిగింది చంద్రుడి మీదే కదా" అంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

రోజంతా తయారీ. కింద నాలుగడుగుల పీఠం చెక్క. దానికి బందులతో ఊగే చెక్క బిగించాం. బందు ఇరుసు నుంచి సరిగ్గా 100 సెంటీమీటర్ల దగ్గర పెన్సిలు గీత. కొన నిలబడటానికి పక్కన ఒక నిలువు బద్ద, దానికి మేకు గుచ్చుకునే చిల్లులు.

ఇరుసుకి కాలిపోయిన సీలింగ్ ఫ్యాన్ ఒకటి విప్పాను. దాని షాఫ్టు, రెండు 6202 బేరింగులు. పక్క లేత్ షాపులో ఎనిమిది సెంటీమీటర్ల బుష్ (బేరింగులు కూర్చునే గొట్టం) తీయించి రెండు చివర్లా బేరింగులు దిగ్గొట్టాను. బేరింగుని దిగ్గొట్టేటప్పుడు బయటి రింగు మీదే పైపు ముక్క ఆనించి కొట్టాలి. లోపలి రింగు మీద దెబ్బ పడితే గుళ్లు నొక్కుకుపోయి గరగరమంటుంది. పిల్లది పక్కన కూర్చుని ఆ దెబ్బల శబ్దం విన్నది. సుత్తి మోత టకటక నుంచి ఠంగుమని మారిందంటే బేరింగు అడుగు తాకినట్టు. "ఇప్పుడు మారింది మామయ్యా" అని నాకంటే ముందే చెప్పింది.

కడ్డీ అర అంగుళం చదరపు అల్యూమినియం గొట్టం, 65 సెంటీమీటర్లు, బోల్టులతో కలిపి వంద గ్రాములు. గుండుకి మా వీధి కిరాణా కొట్టు బాబాయిగారు ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక మూలన పడేసిన ఇనుప కిలో రాయి ఇచ్చారు. దానికి చిల్లు పెట్టడం మనసొప్పక ఇనుప పట్టీ చుట్టి బోల్టు బిగించాం. రాయి మధ్యభాగం ఇరుసు నుంచి 60 సెంటీమీటర్లు.

చెక్కని పడుకోబెట్టగానే రాయి బరువుకి గొట్టం చెక్క వైపు కొద్దిగా వంగింది, ఎనిమిది మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. తగలడం లేదు. వదిలేశాను.

ఫిబ్రవరి 12

షాపు కట్టేశాక మొదటి పరీక్ష. చెక్క నిటారుగా, తూకం గుండు వేసి చూసుకుని. 20 డిగ్రీలు లాగి వదిలితే పది ఊపులకి 15.6 సెకన్లు. 60 సెంటీమీటర్ల లోలకానికి లెక్క వేస్తే 15.56. దాని సంతోషం ఇంతా అంతా కాదు.

నాకు మాత్రం ఎక్కడో నచ్చలేదు. గొట్టానికి కూడా బరువుంది కదా. దాన్ని కలిపి లెక్కేస్తే ఈ లోలకం 59.2 సెంటీమీటర్ల లోలకంతో సమానం, పది ఊపులకి 15.46 రావాలి. మరి మిగతా పదో వంతు సెకను ఏది? చిన్న ఊపులకి రాసిన సూత్రాన్ని 20 డిగ్రీల ఊపుకి వాడాం. అంత వెడల్పు ఊపుకి కాలం వందకి ముప్పాతిక వంతు దాకా పెరుగుతుంది. అది కలిపితే లెక్క కుదిరింది. అంటే మేం వదిలేసినవి రెండు, ఒకటి కాలాన్ని పెంచి చూపింది, ఒకటి తగ్గించి చూపింది, రెండూ కలిసి జవాబు సరైనట్టు కనిపించింది. ఇది దానికి అర్థమయ్యేదాకా చెప్పాను. జవాబు కుదిరినంత మాత్రాన లెక్క కుదిరినట్టు కాదని ఈ వయసులో తెలిస్తే మేలు.

తర్వాత చంద్రుడు. 16.6 దగ్గర మేకు గుచ్చి వదిలింది. రాయి బరువుగా, తీరిగ్గా, నీళ్లలో కదిలినట్టు కదిలింది. ఇద్దరం మాట్లాడలేదు. కానీ రెండు ఊపులకే సగానికి పడిపోయి, మరి కాసేపటికి ఆగిపోయింది. నిటారుగా ఉన్నప్పుడు 20 డిగ్రీల నుంచి 10కి రావడానికి పన్నెండు ఊపులు పట్టింది.

"చంద్రుడి మీద గాలి కూడా లేదు. ఇంకా ఎక్కువసేపు ఊగాలి కదా మామయ్యా, తొందరగా ఆగిందేంటి?"

నాలుగు రోజులుగా ఈ ప్రాజెక్టులో దొరికిన మంచి ప్రశ్న ఇదే. గురుత్వం ఆరో వంతైంది. అదే 20 డిగ్రీలు లాగినా రాయిలో దాచిన స్థితిజ శక్తి ఆరో వంతే. కానీ బేరింగులో గ్రీజు మాత్రం తగ్గలేదు. ఒక్కో ఊపుకీ అంతే పన్ను వసూలు చేస్తోంది. నెలకి ముప్పై వేలు వచ్చే ఇంటికీ, ఐదు వేలు వచ్చే ఇంటికీ అద్దె ఒకటే అయితే ఎవరి చేతిలో డబ్బు ముందు అయిపోతుంది? పన్నెండుని ఆరుతో భాగించి రెండు అని అదే రాసుకుంది.

ఫిబ్రవరి 13

బేరింగుల మూతలు లేపి, గ్రీజంతా పెట్రోలులో కడిగేశాను. ఆరాక ఒక్కో దానికి మూడు చుక్కలు కుట్టుమిషను నూనె. వేలితో తిప్పితే ఇప్పుడు సన్నగా గలగలమంటూ తిరుగుతూనే ఉంది. ఫ్యానుకైతే ఇలా చెయ్యకూడదు, గ్రీజు లేకుండా ఆ వేగంలో నెల కూడా ఉండదు. లోలకానికి సరిపోతుంది.

20 నుంచి 10కి: భూమి మీద 30 ఊపులు. చంద్రుడి మీద 5.

మళ్లీ అదే ఆరు.

ఫిబ్రవరి 16, ఆదివారం

అంగారకుడు: పది ఊపులు, లెక్క ప్రకారం 25.1 సెకన్లు రావాలి, వచ్చింది 25.6. పర్వాలేదనుకున్నాం. చంద్రుడు: ఐదు ఊపులకి 19.0 రావాలి. 19.7 వచ్చింది. మళ్లీ 19.7. మళ్లీ 19.6. వెడల్పు ఊపు వల్ల వచ్చే తేడా పదో వంతు సెకను కంటే ఎక్కువ ఉండదు. మిగతాది ఎక్కడిది?

స్టాప్‌వాచీ నొక్కడంలో పొరపాటైతే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ రావాలి. ఇది ప్రతిసారీ ఒకవైపే. అంటే పరికరంలోనే ఏదో ఉంది. బోల్టులు చూశాం. 60 మళ్లీ కొలిచాం. బందు కదులుతోందేమో చూశాం. గంటన్నర గడిచింది. అప్పుడు మా అమ్మ వసారా కడగడానికి నీళ్లు పోసింది. నీళ్లు పీఠం పక్కనుంచి ముంగిలి వైపు పారుతూ పోయాయి.

వాటం! వసారా గచ్చుకి నీళ్లు పోవడానికి మేస్త్రీ వాటం పెట్టాడు. మా పీఠం దాని మీదే ఉంది, చెక్క లేచే కొన ముంగిలి వైపు. మేం 16.6 కొలుస్తున్నది పీఠం నుంచి. ఆ పీఠమే వాలి ఉంది.

పక్క వీధి మేస్త్రీ దగ్గర నీళ్ల ట్యూబు తెచ్చి పట్టాను. మీటరుకి సరిగ్గా ఒక సెంటీమీటరు పల్లం. అంటే మేం చంద్రుడు అనుకున్నది 15.6, చంద్రుడి కంటే గురుత్వం తక్కువున్న లోకం. 15.6తో లెక్కేస్తే 19.6, వెడల్పు ఊపుది కలిపితే 19.7. అచ్చంగా అదే! అంగారకుడి మీద కూడా ఇదే ఒక సెంటీమీటరు తప్పు ఉంది గానీ 37.9లో ఒకటి పోతే పెద్దగా తెలియలేదు. 16.6లో ఒకటి పోతే దాచలేం.

పీఠం కింద చెక్క ముక్క, రెండు వాషర్లు పెట్టి ట్యూబులో నీళ్లు రెండువైపులా సమానమయ్యేదాకా లేపాం. 19.1 సెకన్లు.

రాత్రి భోజనాల దగ్గర దానికి జాన్ రిషే కథ చెప్పాను. 1672లో ఆ ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పారిస్ నుంచి దక్షిణ అమెరికాలోని కయెన్‌కి లోలకం గడియారం తీసుకెళ్తే, అది రోజుకి రెండున్నర నిమిషాలు వెనకబడింది. సరిచెయ్యడానికి లోలకాన్ని కొంచెం కురచ చెయ్యాల్సి వచ్చింది. భూమధ్యరేఖ దగ్గర గురుత్వం కాస్త తక్కువని, భూమి ధ్రువాల దగ్గర నొక్కుకుని ఉందని అనుకోవడానికి ఆ గడియారం ఒక సాక్ష్యమైంది. మన దేశంలోనూ సర్వే శాఖ తరఫున బెసెవీ అనే ఆయన 1865 నుంచి ఊరూరా లోలకాలు మోసుకెళ్లి గురుత్వం కొలిచాడు. 1871లో లదాఖ్‌లో, ఊపిరందని ఎత్తులో, ఆ కొలతల పనిలోనే చనిపోయాడు. అది అన్నం కలపడం ఆపి విన్నది. మన లోలకం వసారా వాటాన్ని పట్టుకుందంటే అది కూడా ఆ కోవలోదే అని నా నమ్మకం.

ఫిబ్రవరి 20

ఇక అసలు విషయం, శక్తి. ఊపు అడుగున రాయి వేగం ఎంతో కొలవాలి. రాయి దారిలో 10 సెంటీమీటర్ల దూరంలో రెండు తెల్ల దారాలు కట్టి, ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ తీశాం. ఒక్కో ఫ్రేము వేలితో జరుపుతూ లెక్కపెట్టడం దాని పని.

భూమి 29 ఫ్రేములు. అంగారకుడు 47. చంద్రుడు 73. అంటే సెకనుకి 83 సెంటీమీటర్లు, 51, 33.

పైన 20 డిగ్రీల దగ్గర దాచిన స్థితిజ శక్తి లెక్కేస్తే భూమి మీద 0.373 జౌలు, అంగారకుడి మీద 0.141, చంద్రుడి మీద 0.062. అడుగున వేగం నుంచి వచ్చిన గతిజ శక్తి 0.357, 0.136, 0.056. వందలో 96, 96, 91. మొదటి రెండింట్లో తగ్గిన నాలుగు వంతులు ఎక్కువగా మా కొలతలోనివే. దారాల మధ్య వచ్చేది సగటు వేగం, నట్టనడుమ అసలు వేగం కాస్త ఎక్కువుంటుంది. చంద్రుడి దగ్గర తగ్గిన మిగతా ఐదూ బేరింగు తిన్నది. పావు ఊపులోనే అంత తినేసింది.

చార్టు మీద రంగు కాగితం పట్టీలు అంటించింది. 37.3 సెంటీమీటర్లది ఒకటి, 14.1ది ఒకటి, 6.2ది ఒకటి. చంద్రుడి పట్టీ పక్కన భూమి పట్టీ చూస్తే మాటలు అక్కర్లేదు.

తర్వాత నేనడిగాను. "20 నుంచి వదిలావు. 10 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి స్థితిజ శక్తి ఎంత మిగులుతుంది?" సగం అంది. లెక్కెయ్యమన్నాను. పావు! సగం కోణంలో పావు వంతే స్థితిజం, ముప్పాతిక అప్పటికే గతిజం అయిపోయింది. సగం సగం అయ్యేది 14 డిగ్రీల దగ్గర. భూమి మీద అంతే, చంద్రుడి మీద అంతే. మూడు పట్టీలకీ ఒకే నిష్పత్తిలో కత్తెర వేసింది. గురుత్వం మారితే మూట చిన్నదవుతుంది, పంపకం మాత్రం మారదు. నేను డిగ్రీలో సూత్రంగా రాసి మార్కులు తెచ్చుకున్న సంగతిని ఇలా కత్తెరతో కోసి చూడటం ఇదే మొదలు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఇప్పటిదాకా ఒకే కోణం నుంచి వదిలాం. ఈరోజు తిరగేశాం: ఒకే తోపు. పాత సైకిలు ట్యూబు ముక్కని రబ్బరులా పీఠానికి కట్టి, ప్రతిసారీ ఐదు సెంటీమీటర్లు లాగి రాయిని అడుగు నుంచి తోశాం. రబ్బరు ఇచ్చే శక్తి ఎక్కడైనా ఒకటే.

భూమి మీద 8 డిగ్రీల దాకా పోయింది. అంగారకుడి మీద 13. చంద్రుడి మీద 19.

"ఆరు రెట్లు పోవాలిగా, 48 రావాలి" అంది. కోణం కాదమ్మా, ఎక్కిన ఎత్తు చూడు అన్నాను. చెక్క వెంబడి రాయి ఎక్కిన దూరం కోణం వర్గంతో పెరుగుతుంది. 8 డిగ్రీలకి ఆరు మిల్లీమీటర్లు, 19కి 33. ఐదున్నర రెట్లు, మిగతాది మళ్లీ బేరింగుది. ఈసారి ఆ మాట నేను చెప్పకముందే అది చెప్పింది.

2023 సెప్టెంబరు 3న చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద ఇంజన్లు మండించి దాదాపు 40 సెంటీమీటర్లు పైకి లేచి మళ్లీ దిగింది. ఇంజన్ ఆపేశాక 40 సెంటీమీటర్ల నుంచి పడిందే అనుకుంటే నేల తాకే వేగం సెకనుకి 1.14 మీటర్లు, మనిషి నడకంత. భూమి మీద అదే ఎత్తు నుంచి పడితే 2.8. ఈ లెక్క తనే వేసి చార్టు మూలలో రాసింది.

ఫిబ్రవరి 26, శివరాత్రి

షాపుకి సెలవు. చివరి సర్దుళ్లు. నిలువు బద్ద మీద 16.6 దగ్గర చంద్రుడు, 37.9 దగ్గర అంగారకుడు, 90.7 దగ్గర శుక్రుడు అని స్కెచ్ పెన్నుతో రాసింది.

మా అమ్మ వచ్చి రాయిని వేలితో తోసి చూసింది. చంద్రుడి మీద అట్లతద్ది ఉయ్యాల వేస్తే ఎలా ఉంటుందని అడిగింది. మూడు మీటర్ల తాడు ఉయ్యాల మన ఊళ్లో పోయి రావడానికి మూడున్నర సెకన్లు. అక్కడ ఎనిమిదిన్నర. మనవరాలు అంకెలు పైకి లెక్కపెడుతూ చేత్తో గాల్లో ఆ ఊపు చూపించింది. ఎనిమిదిన్నర అయ్యేదాకా అమ్మ దాని చెయ్యి వైపే చూస్తూ కూర్చుంది.

ఎల్లుండి పొద్దున్నే ఆటోలో బడికి. వాళ్ల గచ్చుకి ఏ వైపు వాటం ఉందో, ఎంతుందో చూడలేదు. నీళ్ల ట్యూబు, చెక్క ముక్కలు నాలుగు, గుప్పెడు వాషర్లు సంచిలో పెట్టాను. నూనె డబ్బా అది పెట్టుకుంది.